చిన్న గొంతు నవ్విన ఉదయం

పోయిన వారం పెద్ద గొంతును వార్తల గదిలో, చదివేసిన కాగితం ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. రాజధానిని భూకంపం కుదిపేసిన మర్నాడది. కూలిన భవనాల గురించి చదువుతుండగా మధ్యలో ఒక వాక్యం వచ్చింది. రేడియో ప్రధాన కేంద్రం వెనకున్న శిక్షణ వసతి గృహం నేలమట్టమైందని. అందులో దిగింది ఆమె సొంత చెల్లెలు. ఆ వాక్యాన్ని కూడా మిగతా వాక్యాల్లాగే చదివేసి, మైకు కట్టేసి, అప్పుడు కాగితం మీద తల వాల్చింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ఇంకో నాలుగు ముక్కలు. మన రేడియో కేంద్రం చిన్నది. మార్కెట్టు వెనక రెండంతస్తుల మేడ, మేడ మీద ఇనుప స్తంభం, కింద మనిషి పట్టేంత గేటు. అక్కచెల్లెళ్ళిద్దరికీ అక్కడే ఉద్యోగం. వార్తలు చదివే అక్కను స్టాఫంతా పెద్ద గొంతు అంటారు. పొద్దున్నే కబుర్లు చెప్పి ఊరిని నిద్రలేపే చెల్లెల్ని చిన్న గొంతు అంటారు. ఇద్దరికీ ఆ గొంతులు తండ్రి ఇచ్చిన ఆస్తే. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ముందు మెట్టు మీద నిలబడి వెనక సీట్లో నిద్రపోయేవాణ్ణి లేపగలిగిన మనిషి. చిన్న గొంతు మొగుడిది ఓడ మీద ఉద్యోగం, ఏడాదిలో ఇంట్లో కన్నా నీళ్ళ మీదే ఎక్కువ ఉంటాడు. వాళ్ళ ఏడేళ్ళ కూతురు తాతయ్య దగ్గర ఉంది. దాని నోరు ఒక్క నిమిషం మూతపడదు కాబట్టి అందరూ పిచ్చుక అంటారు.

భూకంపం వచ్చినప్పటి నుంచి స్థానిక కార్యక్రమాలన్నీ రద్దు. రాజధాని శివార్లలో గుడారం వేసుకుని ప్రధాన కేంద్రం వాళ్ళు పంపే వార్తలూ, విషాద సంగీతమూ ఉన్నవి ఉన్నట్టు వినిపించాలని పైనుంచి ఆజ్ఞ. సగం ఊరి పిల్లలు రాజధానిలో పనులు చేసుకుని బతుకుతున్నారు. అక్కడికి ఫోన్లు కలవవు, దారి లేదు. వాళ్ళ తల్లిదండ్రులకి కావలసింది పిల్లల సంగతి. దొరికేది వయొలిను.

ఇక ఈ వారం సంగతి.

పెద్ద గొంతు రెండు రోజులుగా ఇంటికి పోలేదు. ఇంటికి పోతే పిచ్చుక మొహం చూడాలి. అందుకే పని ఉందని వంక పెట్టి, టేపుల గదిలో బెంచీ మీద చీర కొంగు మొహాన కప్పుకుని పడుకుంది. తెల్లారి చాలాసేపయింది. వరండాలో ఉన్న స్పీకరులోంచి సంగీతం సన్నగా వస్తోంది. వస్తూ వస్తూ ఆగిపోయింది.

ఆ తర్వాత చెల్లెలు మాట్లాడింది.

"లేచారా, నేనొచ్చి దుప్పటి లాగాలా? ఏంటండీ ఈ నిద్ర! బయట చూడండి, సన్నగా తుంపర పడుతోంది. నేనైతే హాయిగా కిటికీ పక్కన కూర్చుని మీ ఉత్తరాలు ముందేసుకున్నా."

పెద్ద గొంతు బెంచీ మీంచి ఎలా లేచిందో, చెప్పులు వేసుకుందో లేదో ఆమెకే తెలియదు. వచ్చేసింది. ఎలాగో వచ్చేసింది. దొంగమొహంది, వచ్చి నాకు చెప్పకుండా సరాసరి స్టూడియోలోకి పోయి కూర్చుంది. వరండాలో పరిగెత్తుతూ ఆమె ఏడుస్తోంది, తిడుతోంది, నవ్వుతోంది. స్టూడియో తలుపు బరువైనది. భుజంతో నెట్టుకుని లోపలికి వెళ్ళింది.

కుర్చీ ఖాళీ. మైకు మీద గుడ్డ కప్పినది కప్పినట్టే ఉంది. అద్దానికి అవతల, మెషీన్ల గదిలో, టేపు చక్రాలు రెండూ తిరుగుతున్నాయి. వాటి ముందు గుసగుస నిలబడి ఉన్నాడు. జీవితమంతా మైకుల పక్కన బతికి గట్టిగా మాట్లాడటం మర్చిపోయిన ఆపరేటరు కాబట్టి ఆయనకా పేరు.

"ఇంకెక్కడికి పోతానండీ," అంటోంది చిన్న గొంతు స్పీకరులో, "మీ ఊళ్ళోనేగా పడి ఉన్నా!" అని పకపకా నవ్వింది.

పెద్ద గొంతు ఆ చక్రాలను చూసింది. నిలబడ్డ చోటే గోడ పట్టుకుంది. ఒక్క వరండా పొడవునా చెల్లెలు బతికి ఉంది. ఇప్పుడు మళ్ళీ ఏమైందో తెలియదు.

రేడియో వాళ్ళ గుట్టు ఒకటి చెప్పాలి మీకు. పొద్దుటి కబుర్ల కార్యక్రమం అప్పటికప్పుడు స్టూడియోలోంచి వచ్చేదని ఊరంతా నమ్ముతుంది. నిజమే, చాలావరకూ. కానీ మనిషన్నాక సెలవులుంటాయి, జ్వరాలుంటాయి. అప్పుడు ముందుగానే నాలుగైదు రోజులకి సరిపడా మాట్లాడి టేపుల్లో పెట్టి వెళ్తారు. అదీ మామూలుగా కాదు, అప్పుడే కిటికీలోంచి చూస్తున్నట్టు, అప్పుడే ఉత్తరం విప్పుతున్నట్టు. చిన్న గొంతు ఈ విద్యలో ఆరితేరింది. రాజధానికి బయల్దేరే ముందు రోజు కూర్చుని వారానికి సరిపడా నవ్వి వెళ్ళింది. వానాకాలం కదా, ఎలాగూ పడుతుందిలే అని తుంపర కూడా పెట్టింది. ఆ పాడు వాన ఆ పొద్దున నిజంగానే పడుతోంది.

రెండో సంగతి. రేడియోలో నిశ్శబ్దం వెళ్ళకూడదు. నిప్పు అంటుకుంటే ఎవరైనా నీళ్ళ కోసం పరిగెత్తుతారు, రేడియో ఆపరేటరు మాత్రం ముందు ఏదో ఒక టేపు వేసి పరిగెత్తుతాడు. రాజధాని నుంచి వచ్చే లైను పుటుక్కున తెగింది. ఆ రోజు టేపు, ఎప్పటిలాగే, ముందు డ్యూటీ వాళ్ళు మెషీన్ మీద ఎక్కించి పోయారు. రద్దు అయిందని తెలిసినా ఎక్కించే చేతులకి అలవాటు పోలేదు. మీట నొక్కే చేతికీ పోలేదు.

"చెయ్యి దానంతటదే వెళ్ళిందమ్మా," అన్నాడు గుసగుస. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "గొంతు వినగానే ఆపుదామనుకున్నా. చెయ్యి రాలేదు. ఇంకొంచెం విందామనిపించింది."

ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచి, తిట్టలేక, తనే వెళ్ళి టేపు ఆపింది. అప్పటికి లైను మళ్ళీ వచ్చింది. వయొలిను వాళ్ళు తమ పని తాము చేసుకుపోతున్నారు.

కొంప మునగడానికి అంతసేపు చాలు. చిన్న గొంతు రాజధానిలో చిక్కుకుపోయిందని భూకంపం వచ్చాక ఊరంతా పాకిపోయింది. కాబట్టి చిన్న గొంతు స్టూడియోలో కూర్చుని నవ్వుతోందంటే వచ్చేసిందన్న మాటే. వచ్చిందంటే దారి ఉన్నట్టే. దారి ఉంటే మనమూ వెళ్ళొచ్చు. ఆ మాట మార్కెట్టు దాటేసరికి బస్సులు నడుస్తున్నాయని, బస్టాండు చేరేసరికి ఆస్పత్రుల్లో అందరినీ చూసి వచ్చిందని అయిపోయింది.

గేటు దగ్గర జనం పోగయ్యారు. ఫోటోలు పట్టుకుని వచ్చారు. పెళ్ళి ఫోటోలోంచి సగం చింపుకుని వచ్చిందొకావిడ. వాచ్‌మన్ గేటుకి వీపు ఆనించి నిలబడి లోపలికి కేకేశాడు.

"అమ్మా, ఒక్కసారి చిన్నమ్మగారిని బయటికి పంపమంటున్నారు. మా వాణ్ణి చూసిందేమో అడిగి వెళ్ళిపోతాం అంటున్నారు. నేనేం చెప్పను?"

పెద్ద గొంతు కిటికీ తలుపు ఓరగా తీసి చూసి మళ్ళీ మూసేసింది. వాళ్ళ మొహాలు చూడలేకపోయింది. రెండు రోజులుగా ఆ మొహాల్లో లేనిది ఏదో ఇప్పుడు ఉంది. అది తమ టేపు పెట్టింది.

డైరెక్టరుగారు కిందా మీదా పడుతూ వచ్చారు. మంచి మనిషే. మిన్ను విరిగి మీద పడినా పైనుంచి కాగితం వస్తేగాని పక్కకి జరగని మనిషి.

"ఎవరూ నోరెత్తకండి," అన్నారు. "సాయంత్రానికి జనమే సర్దుకుంటారు."

"సాయంత్రం దాకా ఆగరు సార్," అంది పెద్ద గొంతు. " బస్టాండులో లారీలు నింపుతున్నారు. కొండ దారిన వెళ్తారట."

"వెళ్తే వెళ్ళనీ."

"ఆ దారిలో వంతెనకి పగులొచ్చిందని తెల్లారగట్ల అక్కడి చెక్‌పోస్టు వాడు ఫోన్ చేశాడు. నేనే తీసుకున్నా. నేల ఊగినప్పుడల్లా రాళ్ళు పడుతున్నాయట."

"ఆ సంగతే చెప్పు. దారి బాగాలేదని చెప్పు. టేపు సంగతి ఎందుకు?"

"చెప్పి చూశారు సార్, బస్టాండులో పోలీసు చెప్పాడు. చిన్న గొంతు ఆ దారినేగా వచ్చింది, ఆవిడకి లేని పగులు మాకెందుకొస్తుంది అని నవ్వారట. తను రాలేదని చెప్తే తప్ప వాళ్ళు దిగరు."

డైరెక్టరుగారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. జాతీయ సంతాపంలో సొంత కార్యక్రమం వేశామని ఒప్పుకోవాలి. అందులో ఒక మనిషి పకపకా నవ్విందని ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళుగా టేపులు వేసి ఎదురుగా ఉన్నట్టు నమ్మించామని ఒప్పుకోవాలి. ఇందులో ఏ ఒక్కటైనా చాలు ఆయన కుర్చీ లాగెయ్యడానికి.

"రేపటి నుంచి మనం టైము చెప్పినా నమ్మరమ్మా," అన్నారు చివరికి. అది మాత్రం కుర్చీ గురించి అన్న మాట కాదు.

అంతలో వాచ్‌మన్ గేటు కొద్దిగా తీసి ఒక మనిషిని లోపలికి వదిలాడు. తండ్రి. తల తడిసి ఉంది. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని వచ్చాడు.

ఊరందరికీ ఎలాగోలా చెప్పొచ్చు. ఈయనకి ఎలా చెప్పడం? డైరెక్టరుగారు గబుక్కున గోడ మీద గడియారం కేసి తిరిగారు. ఆమె తండ్రి చెయ్యి పట్టుకుని టేపుల గదిలోకి తీసుకుపోయి తలుపు వేసింది.

"నాన్నా, పొద్దున నువ్వు విన్నది..."

"టేపు," అన్నాడాయన.

ఆమె పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"నాకు తెలియదనుకున్నావా? మొదటి నవ్వుకే తెలిసింది. మొన్నటి నుంచి ఈ దేశంలో అలా నవ్విన మనిషి లేడు. శిథిలాల్లోంచి లేచొచ్చిన పిల్ల అలా నవ్వుతుందా?" ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. ఎప్పుడూ నాలుగు వీధులకి వినపడే గొంతు ఇప్పుడు బెంచీ దాటి రావడం లేదు. "నేను దాని కోసం రాలేదు. ఒకటి అడగడానికి వచ్చా."

"అడుగు నాన్నా."

"రేపటి టేపు కూడా వెయ్యి."

ఆమె టేపుల అర కేసి చూసింది.

"పిచ్చుక మొన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. మాట్లాడలేదు. దాని నోరు మూతపడటం నువ్వు ఎప్పుడైనా చూశావా? నేను చూశా. గోడ వైపు తిరిగి పడుకుంది. పొద్దున వాళ్ళమ్మ గొంతు వినగానే లేచి కూర్చుంది. పళ్ళెం ఖాళీ చేసింది. నా మొహం మీద మొహం పెట్టి, తాతా అమ్మ స్టూడియోలో ఉంది, పనయ్యాక వచ్చేస్తుంది, జడ వెయ్యి అంది. వేశా. నా మొండి వేళ్ళతో వేశా." ఆయన ఆ వేళ్ళకేసి చూసుకున్నాడు. "ఎన్ని టేపులున్నాయో అన్నీ వెయ్యి. అవి అయ్యేలోగా ఏదో ఒకటి తెలుస్తుంది. అప్పటిదాకా దాన్ని బతకనీ."

"లారీలు వెళ్తున్నాయి నాన్నా. ఆ వంతెన నీకు తెలుసు."

"తెలుసు. ఉద్యోగమంతా ఆ వంతెన మీదే తిరిగా. వంతెన గురించి చెప్పు. చిన్నదాని గురించి చెప్పకు."

"చెప్పకపోతే నమ్మరు. అది ఆ దారినే వచ్చిందనుకుంటున్నారు."

"నమ్మకపోతే వాళ్ళ ఖర్మ!" ఆయన అరిచాడు. అరల్లో టేపుల డబ్బాలు టకటకలాడాయి. వెంటనే తనకే భయమేసినట్టు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని ఒక్కణ్ణీ కింద పడనివ్వని మనిషి ఆయన. అలాంటి మనిషి నోట ఆ మాట వచ్చింది.

"ఒక లారీలో ఎంతమంది పడతారో నాకన్నా నీకే బాగా తెలుసు నాన్నా," అంది ఆమె.

ఆయన బెంచీ మీంచి లేచాడు. తర్వాత కూతురి కొంగు పట్టుకున్నాడు, చిన్నపిల్లవాడు పట్టుకున్నట్టు.

"నీ చెల్లెల్ని నీ నోటితోనే చంపుతావా?"

"చంపను. లేదని నేను అనను. ఎవరన్నా నేను ఒప్పుకోను. ఇక్కడ లేదని చెప్తా, అంతే." ఆమె తలుపు వైపు చూపించింది. "నాన్నా, ఆ టేపు నేను కూడా నమ్మా. వరండా అంతా పరిగెత్తా. తలుపు తీశా. ఖాళీ కుర్చీ చూశా. గేటు బయట ఉన్నవాళ్ళు ఆ కుర్చీని వంతెన మీద చూస్తారు."

తండ్రి కొంగు వదిలేశాడు. వదిలేసి, "పిచ్చుక రేడియో ముందే కూర్చుంది," అన్నాడు. "వాళ్ళమ్మ మళ్ళీ మాట్లాడుతుందేమోనని కదలడం లేదు. పక్కింటి పిన్నిని కూర్చోబెట్టి వచ్చా. ముందు రేడియో కట్టెయ్యమని చెప్పు. దానికి నేను వెళ్ళి చెప్పుకుంటా."

పక్కింట్లో ఫోను ఉంది. గుసగుస నంబరు తిప్పాడు. ఎంగేజు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఎంగేజు. ఊళ్ళో ఉన్న ప్రతి ఫోనూ అప్పుడు మాట్లాడుతోంది, ప్రతి ఇంట్లోనూ చిన్న గొంతు వచ్చిందట అన్న మాటే. బస్టాండు వైపు నుంచి లారీల హారన్లు మొదలయ్యాయి, ఒకదాని తర్వాత ఒకటి, బయల్దేరే ముందు జనాన్ని పిలిచే హారన్లు.

"ఇంకొక్కసారి," అంది ఆమె. గుసగుస తిప్పాడు. ఎంగేజు.

డైరెక్టరుగారు వరండాలో నిలబడి ఇదంతా చూశారు. జేబులోంచి లైను మార్చే పెట్టె తాళాల గుత్తి తీసి, దేనికోసమో తీసినట్టు తీసి, గుసగుస బల్ల మీద మర్చిపోయారు.

"నేను టీకి వెళ్తున్నా," అన్నారు. "నేను గదిలో లేను. నాకేం తెలియదు." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు. "సూటిగా చెప్పమ్మా. మధ్యలో ఆపకు. మధ్యలో ఆపితే వాళ్ళకి తోచింది అనుకుంటారు."

రాజధాని లైను పక్కకి తప్పించి స్టూడియో మైకు కలిపాడు గుసగుస. ఆమె చెల్లెలి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే, మైకు తన వైపు తిప్పుకుంది. తండ్రి తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది.

"నమస్కారం. నేను వార్తలు చదివే మనిషిని. ఇప్పుడు చదవడం లేదు, చెప్తున్నా. పొద్దున మీరు విన్నది మా చెల్లెలి గొంతే. కానీ తను ఇక్కడ లేదు. మా చెల్లెలు రాజధానిలోనే ఉంది."

అక్కడ ఆమెకి ఊపిరి అందలేదు. ఆపకూడదని చెప్పినచోటే ఆగింది. ఎంతసేపో కాదు, ఒక మనిషి గుటక మింగేంతసేపు, ఒక పిల్ల గుమ్మం దాటేంతసేపు.

"తను దిగిన ఇల్లు కూలిపోయింది. తను ఉందో లేదో మాకు తెలియదు. మీరు విన్నది వెళ్ళే ముందు రికార్డు చేసిన టేపు. తను సెలవులో ఉన్నప్పుడల్లా అలాంటి టేపులు వేసి, ఇక్కడే ఉన్నట్టు మీకు వినిపించాం. ఇన్నేళ్ళూ అలాగే చేశాం. మీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళ అది పొరపాటున వెళ్ళింది. తను ఏ దారినా రాలేదు. మీ వాళ్ళెవరినీ చూడలేదు. కొండ దారి తెరవలేదు. అక్కడ వంతెనకి పగులొచ్చింది. లారీలు ఎక్కినవాళ్ళు దిగండి. మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నా, దిగండి. కోపం వస్తే ఇక్కడికి రండి. నేను గేటు దగ్గరే ఉంటా, నన్ను తిట్టండి. ఆ వంతెన ఎక్కకండి."

దీపం ఆరింది. గేటు బయట ఎవరి చేతిలోనో ఉన్న ట్రాన్సిస్టరులో మళ్ళీ వయొలిను మొదలైంది. ఎవరూ రాయి వెయ్యలేదు, ఎవరూ తిట్టలేదు. అదే ఆమెకి భరించరానిదయింది. పెళ్ళి ఫోటో ఆవిడ తన సగం ఫోటోను కొంగుతో తుడిచి, రవికలో దాచుకుని, గేటు ఎదురుగా రోడ్డు మీదే కూర్చుండిపోయింది. జనం ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. బస్టాండులో లారీల మీంచి దిగుతున్నారని కాసేపటికి కబురొచ్చింది. దిగుతున్నారట, మాట్లాడకుండా.

తండ్రి గోడ వదిలి చొక్కా సర్దుకున్నాడు. గుండీలు తప్పుగా ఉన్నాయని అప్పుడు చూసుకున్నాడు. "ఇక నేను వెళ్తా. దానికి ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకుంటా," అన్నాడు.

ఫోను మోగింది. పక్కింటి పిన్ని. ఎత్తడంతోనే ఏడుపు.

"పిల్ల ఉందా అక్కడ? మీ దగ్గరికి వచ్చిందా? అయ్యో తల్లీ, నేను పొయ్యి మీద పాలు దించడానికి వెళ్ళా, అంతే, ఒక్క నిమిషం. నువ్వు రేడియోలో మాట్లాడుతున్నావు. అమ్మ రాజధానిలోనే ఉందట పిన్నమ్మమ్మా అని కేకేసింది. నేను వచ్చి చూసేసరికి తలుపు తీసి ఉంది. సందు చివరిదాకా పరిగెత్తా. లేదు."

సందు చివర బస్టాండు. కండక్టర్లు బస్టాండు పక్కనే ఇళ్ళు తీసుకుంటారు.

ఆ తర్వాత ఎవరు ఏం చేశారో ఒక వరసలో చెప్పలేను. తండ్రి మెట్లు దిగి పరిగెత్తబోయి మెట్ల మీదే కూలబడ్డాడు. వాచ్‌మన్ సైకిలు తీసుకుని బస్టాండుకి పోయాడు. పోయి అక్కడి హోటల్లోంచి ఫోను చేశాడు: లారీలన్నీ ఆగాయి, ఒక్కటి తప్ప. ముందు నిలబెట్టిన లారీ ఇంజను వేసే ఉండటంతో పెద్ద గొంతు రేడియోలో మాట్లాడుతుండగానే కదిలిపోయింది. నిండా జనం. ఎవరో చిన్నపిల్ల వెనక నుంచి చేతులు చాస్తే పైకి లాక్కున్నారట. ఎవరి పిల్ల అని ఎవరూ అడగలేదు, ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ పిల్ల అనుకున్నారు.

పెద్ద గొంతు మళ్ళీ మైకు ముందుకి వచ్చింది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి తప్పిపోయిన వాళ్ళ ప్రకటనలు ఎన్ని చదివిందో ఆమెకే లెక్క తెలియదు. వయసు, రంగు, వేసుకున్న బట్టలు. ఆ వరస నోటికి వచ్చు. వయసు ఏడేళ్ళు అంది. చామనఛాయ అంది. బట్టల దగ్గర నోరు ఆగింది. రెండు రోజులుగా ఇంటికి పోని మనిషికి పిల్ల ఏ గౌను వేసుకుందో ఎలా తెలుస్తుంది? అద్దం అవతలికి వచ్చి నిలబడ్డ తండ్రిని చూసింది. గౌను ఆయనకీ గుర్తు రాలేదు. చేత్తో తల వెనక చూపించాడు.

"ఒంటి జడ," అంది ఆమె మైకులో. "వదులుగా వేసిన జడ. కొండ దారిలో వెళ్తున్న లారీ డ్రైవరుగారూ, మీరు ఎక్కడుంటే అక్కడ ఆపండి. మీ లారీలో మా పాప ఉంది."

చెప్పిందే మళ్ళీ చెప్పింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి సగంలో ఉండగా అద్దానికి అవతల గుసగుస చెయ్యి ఎత్తి, ఫోను లైను స్టూడియోకి కలిపాడు.

"అమ్మా, చెక్‌పోస్టు నుంచి మాట్లాడుతున్నా," అంది అవతల మగ గొంతు. "మీ మాట ఇప్పుడే విన్నా. ఆ లారీ ఇందాకే దాటింది. పగులుందని చెప్పినా వినలేదు, ఊరు పంపిన సాయమేమోనని అడ్డం కట్టిన గొలుసు దించేశా. పిల్ల ఉందమ్మా. వెనక జనంలో, ఎవరో ముసలావిడ ఒళ్ళో. నాకు చెయ్యి ఊపింది. మా అమ్మ దగ్గరికి వెళ్తున్నా అంది."

"లారీ ఎంత దూరం పోయింది? కనిపిస్తోందా?"

"వెనక దీపాలు కనిపిస్తున్నాయి. ఆ మలుపు తిరిగితే వంతెనే."

"దాన్లో రేడియో ఉందా?"

"ఉందమ్మా." అతను తటపటాయించాడు. "ఉంది కానీ, మొన్నటి నుంచి ఏడుపు సంగీతమే వస్తోందని కట్టేసినట్టున్నాడు. క్యాసెట్టు పెట్టుకుని పోయాడు. పెద్దగా పాట వినిపించింది."

"పరిగెత్తండి! కేకెయ్యండి, దేనితోనైనా..."

"ఉండండమ్మా," అన్నాడతను. గొంతు మారింది. "ఉండండి. కింద... అమ్మా, ఇక్కడ నేల ఊగుతోంది."

ఏదో పగిలిన చప్పుడు. తర్వాత రాళ్ళు దొర్లుతున్న చప్పుడు, దగ్గర్లో కొన్ని, దూరంగా ఇంకా చాలా. తర్వాత లైను లేదు.

కొద్ది క్షణాలకి ఆ ఊపు ఊళ్ళోకీ వచ్చింది. స్టూడియో అద్దం గలగలలాడింది, మైకు కడ్డీ దానంతటదే పక్కకి వాలింది. తండ్రి తలుపు చట్రం పట్టుకుని నిలబడి కూతురి నోటి వంకే చూస్తున్నాడు. ఎర్ర దీపం వెలుగుతోంది. చెక్‌పోస్టు మనిషి మాటలన్నీ గాలిలోకి వెళ్ళాయి, ఊరంతా విన్నది. ఆ లారీ తప్ప.

అది ఆమెకి తెలుసు. తెలిసీ మైకును రెండు చేతులతో నిలబెట్టి దగ్గరికి లాక్కుంది.

"పిచ్చుకా," అంది. "నేను, పెద్దమ్మని. నువ్వు దిగిపోమ్మా."